అమ్మా, బిళ్ళలు వేసుకుంటున్నావా?



ఈ వారం వాక్య ధ్యానం రాయడానికి కూర్చున్నాను గానీ చెయ్యి సాగలేదు. మనసులో ఒక పోట్లాట ఉంది. అది మీ ముందు పెట్టకుండా ఇంకొకటి రాస్తే అది వేషధారణే అవుతుంది. అందుకని ఈసారి కాస్త కటువుగా మాట్లాడతాను. ఓర్చుకుని చివరిదాకా చదవండి. మీ అమ్మకో నాన్నకో షుగరు ఉంటే ఫోన్లో చదివి వినిపించండి కూడా.

మా సంఘంలో ఒక తల్లి ఉంది. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను, పేరు మాత్రం రాయను. నాట్లకీ, కలుపుకీ, మిరపకోతలకీ వెళ్ళి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. తొమ్మిదేళ్ళుగా షుగరు. నెలనెలా ఊళ్ళోకి వచ్చే 104 బండి దగ్గర బిళ్ళలు తెచ్చుకుని క్రమంగా వేసుకునేది. కిందటి ఏడాది మా మండల కేంద్రంలో ఒక హాలు అద్దెకు తీసుకుని కొందరు ఉచిత శిబిరం పెట్టారు. రోజూ ఉదయం వెళ్ళి కుర్చీలో కూర్చుంటే పాదాల కింద మెషిను పెట్టి నొక్కిస్తారు. గోడ మీద పెద్ద పాదం బొమ్మ. ఇక్కడ గుండె, ఇక్కడ కిడ్నీ, ఇక్కడ క్లోమం అని రంగురంగుల గీతలు. దీని పేరు రిఫ్లెక్సాలజీ అని, పాదంలో ఫలానా చోట నొక్కితే లోపల ఫలానా అవయవం బాగుపడుతుందని చెప్పారు. అక్కడి కుర్రాళ్ళు ఆమెను "అమ్మా, తిన్నావా? రాత్రి నిద్ర పట్టిందా?" అని పలకరించేవారు. సొంత కొడుకులు అడగని మాట అది.

మూడు వారాలకు ఆమెకు నడుం నొప్పి తగ్గింది, నిద్ర బాగా పట్టింది. అంతవరకు సంతోషమే. తర్వాత చెప్పారట: "ఇంగ్లీషు బిళ్ళలు కిడ్నీలు పాడు చేస్తాయమ్మా, మెల్లగా మానెయ్యి. నీ షుగరు పాదాల్లోంచే పోతుంది." ఆమె మానేసింది. డ్వాక్రా అప్పులోంచి పద్దెనిమిది వేలు తీసి మెషిను కొనుక్కుంది. ఒక ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, షుగరు పోయిందని సాక్ష్యం చెప్పింది. సంఘమంతా హల్లెలూయా అన్నారు. అందరికంటే గట్టిగా అన్నవాణ్ణి నేనే.

ఆ రోజు నేను ఒక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది. "అమ్మా, బిళ్ళలు వేసుకుంటున్నావా?" అడగలేదు. నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం ఆమె చెప్పులు విడిచి గుడి లోపలికి నడుస్తుంటే తెల్ల గచ్చు మీద తడి మరకలు పడ్డాయి. అవి నీళ్ళు కావు. మెషిను రోలరు రాపిడికి అరికాలిలో బొబ్బ వచ్చి, పగిలి, చీము పట్టింది. ఆమెకు నొప్పి తెలియలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే షుగరు నాలుగు వందలు దాటి ఉంది. రెండు వేళ్ళు తీసేశారు. మెషిను ఇంకా వాళ్ళ మంచం కిందే ఉంది. అప్పు కూడా ఉంది.

కాబట్టి ఈ పోట్లాట నాకు ఊసుపోక రాసేది కాదు. ఇందులో నా తప్పు కూడా ఉంది.

ముందు మంచి మాట

కాళ్ళు నొక్కించుకోవడం తప్పని నేను చెప్పబోవడం లేదు. కొందరు సేవకులు ఇది అన్య విద్య, ఇందులో దురాత్మ ఉందని భయపెడుతుంటారు. నేను ఆ మాట అనను. పొద్దంతా బురదలో నిలబడి నాట్లు వేసిన మనిషికి రాత్రి కూతురు కొబ్బరినూనె రాసి కాళ్ళు పడితే ఎంత హాయో మా ఊళ్ళో తెలియనిదెవరికి? అందులో దయ్యం లేదు, ప్రేమే ఉంది. సువార్తలో మంచి సమరయుడు గాయపడినవాడికి నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. మన ప్రభువు పళ్ళెంలో నీళ్ళు పోసుకుని, తువ్వాలు నడుముకు కట్టుకుని, శిష్యుల పాదాలు తన చేతులతో కడిగాడు. పాదాన్ని ముట్టుకోవడం నీచమని అనుకునే లోకంలో ఆ పని చేసినవాడు మన దేవుడు. కాబట్టి పాదం గురించి గానీ, చేతి స్పర్శ గురించి గానీ మనకు చులకన భావం ఉండకూడదు.

పరిశోధన చేసినవాళ్ళు కూడా ఈ హాయిని కాదనలేదు. అమెరికాలో ముదిరిన రొమ్ము క్యాన్సరుతో ఉన్న స్త్రీల మీద నర్సింగు పరిశోధకులు ఒక పెద్ద అధ్యయనం చేసి 2012లో ప్రచురించారు. కొందరికి శిక్షణ పొందినవారు రిఫ్లెక్సాలజీ చేశారు. కొందరికి ఆ విద్య రానివాళ్ళు మామూలుగా పాదాలు నిమిరారు. కొందరికి ఏదీ చేయలేదు, చికిత్స మాత్రం అందరికీ జరుగుతూనే ఉంది. రిఫ్లెక్సాలజీ చేయించుకున్నవారికి, ఏదీ లేనివారితో పోలిస్తే, ఆయాసం కొంత తగ్గింది, పనులు చేసుకునే శక్తి కొంత మెరుగైంది. నొప్పి, దిగులు మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఇంకో సంగతి గమనించండి. ఏ విద్యా రానివాళ్ళు మామూలుగా పాదాలు నిమిరిన స్త్రీలకు కూడా నీరసం తగ్గింది.

అదే పరిశోధకులు 2017లో ఇంకో అధ్యయనం ప్రచురించారు. ఈసారి నిపుణులను పిలవలేదు. ఇంట్లోవాళ్ళకో స్నేహితులకో పాదాలు ఎలా నొక్కాలో నేర్పి, నాలుగు వారాలు ఇంట్లోనే చేయించారు. రోగుల బాధలు తగ్గాయి. భర్త చెయ్యి, చెల్లెలి చెయ్యి, పక్కింటి స్నేహితురాలి చెయ్యి చాలు. పద్దెనిమిది వేల మెషిను అక్కర్లేదు. అయితే ఒక సంగతి మరిచిపోకండి: ఆ స్త్రీలలో ఎవరినీ క్యాన్సరు మందు మానెయ్యమని ఆ పరిశోధకులు చెప్పలేదు. పాదాలు నొక్కింది మందుకు తోడుగా, మందుకు బదులుగా కాదు.

తోడు వేరు, బదులు వేరు. నా పోట్లాటంతా ఈ రెండు మాటల మధ్యే. రిఫ్లెక్సాలజీని నిజాయితీగా చేసేవాళ్ళే, మేం రోగం కనిపెట్టం, మందు మానమని చెప్పం అంటారు. అలా చెప్పేవాళ్ళతో నాకు పేచీ లేదు. విశ్రాంతి అమ్ముతున్నామని చెప్పి విశ్రాంతి అమ్మితే అది వ్యాపారం. విశ్రాంతి చూపించి స్వస్థత పేరుతో డబ్బు తీసుకుంటే అది మోసం.

ఆ పాదం బొమ్మ ఎక్కడిది?

గోడ మీద బొమ్మ చూసి, ఇది వేల ఏళ్ళ నాటి విద్య అని మన పెద్దవాళ్ళు నమ్ముతారు. ఐగుప్తులో సక్కారా దగ్గర ఒక పాత సమాధి గోడ మీద చేతులకూ పాదాలకూ ఏదో పరిచర్య చేస్తున్న మనుషుల బొమ్మ ఉన్నమాట నిజమే. పాదాలకు సేవ చేయడం ప్రతి దేశంలోనూ పాతదే. కానీ ఆ గోడ మీద కిడ్నీ ఇక్కడ, క్లోమం అక్కడ అని చూపే పటం లేదు.

ఈ పటం చరిత్ర వందేళ్ళ పైమాటే తప్ప వేల ఏళ్ళది కాదు. అమెరికాలో విలియం ఫిట్జ్‌జెరాల్డ్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు శరీరాన్ని తల నుంచి కాళ్ళ దాకా నిలువుగా పది భాగాలు చేసి, ఒక భాగంలో ఒక చోట నొక్కితే అదే భాగంలో ఇంకో చోట నొప్పి తగ్గుతుందన్నాడు. ఆయన ఇంకొకరితో కలిసి రాసిన పుస్తకం 1917లో వచ్చింది. తర్వాత 1930ల్లో యూనిస్ ఇంగమ్ అనే ఆవిడ ఆ ఆలోచనను పాదాల మీదికి తెచ్చి, ఏ అవయవానికి ఏ చోటు అని పటం గీసింది. 1938లో పుస్తకం రాసింది. ఈ రోజు మన మండల కేంద్రంలో వేలాడుతున్న బొమ్మకు మూలం అదే. అంటే మన తాతలు పుట్టిన కాలం నాటిది.

కొత్తది కాబట్టి అబద్ధమని నేను అనను. ఇన్సులిన్ను కనిపెట్టింది కూడా 1921లోనే. పాతదా కొత్తదా అన్నది కాదు, నిజమా కాదా అన్నదే ప్రశ్న. ఇన్సులిన్ వచ్చాక అంతకుముందు చచ్చిపోయే పిల్లలు బతికారు. పటానికి అలాంటి సాక్ష్యం ఏది?

మన శరీరం ఎలా కట్టబడిందో చూడండి. అరికాలిలో నొక్కితే ఆ కబురు నరాల వెంట కాలి పైకి పోయి, నడుం దగ్గర వెన్నుపాములో చేరి, అక్కడినుంచి మెదడుకు వెళ్తుంది. క్లోమానికి వచ్చే నరాలు వేరు, అవి వేరే దారిలో వస్తాయి. పాదంలోని ఒక చుక్క నుంచి క్లోమానికి తిన్నగా పోయే తీగ ఏదీ లేదు. స్విచ్చు ఉందని బొమ్మ గీసినంత మాత్రాన గోడ లోపల వైరు పుట్టదు. అదీగాక పటాలన్నీ ఒకే మాట చెప్పవు. రెండు వేర్వేరు చోట్ల గీసినవి పక్కపక్కన పెట్టి చూడండి, తేడాలు కనిపిస్తాయి. మీ గుండె మాత్రం ఒకే చోట ఉంది కదా.

పరీక్షించి చూసినవాళ్ళూ ఉన్నారు. ఇంగ్లండులో 2000లో ప్రచురించిన ఒక పరిశోధనలో పద్దెనిమిది మంది పాదాలను ఇద్దరు రిఫ్లెక్సాలజీ నిపుణులకు చూపించారు. ఆ మనుషులకు ఏ రోగాలున్నాయో నిపుణులకు చెప్పలేదు. ముందే చెప్పిన ఆరు రకాల జబ్బుల్లో ఎవరికి ఏది ఉందో పాదం చూసి చెప్పమన్నారు. సరిగ్గా చెప్పలేకపోయారు. ఒకరు చెప్పినదానికీ ఇంకొకరు చెప్పినదానికీ పొంతన కూడా లేదు. 2009లో ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ అనే ప్రొఫెసరు అప్పటికి జరిగిన పద్దెనిమిది పరీక్షలను ఒకచోట చేర్చి చూసి, ఏ రోగానికైనా ఇది పనిచేస్తుందని నమ్మదగిన రుజువు లేదని తేల్చాడు. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇలాంటి వైద్యాలను పరిశీలింపజేసినప్పుడు కూడా రిఫ్లెక్సాలజీకి స్పష్టమైన రుజువు దొరకలేదు.

"నాకు తగ్గింది కదా పాస్టరుగారూ"

ఈ మాట నేను వందసార్లు విన్నాను. తగ్గిందన్నదాన్ని నేను కాదనను. ఎందుకు తగ్గిందన్నదే చూద్దాం.

నడుం నొప్పి, మోకాలి నొప్పి ఎప్పుడూ ఒకేలా ఉండవు. పెరుగుతాయి, తగ్గుతాయి. మనం వైద్యానికి వెళ్ళేది బాగా పెరిగిన రోజున. ఆ తర్వాత ఏం చేసినా, చేయకపోయినా, కొంత తగ్గడం సహజం. జలుబుకు మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అని మన పెద్దలు నవ్వుతూ అంటారు కదా. రెండోది, రోజూ గంటసేపు కూలి పని వదిలి కుర్చీలో కూర్చుంటే ఎవరికైనా ఒళ్ళు తేలికవుతుంది. ఆ తల్లి ముప్పై ఏళ్ళలో పగటిపూట గంటసేపు ఊరికే కూర్చున్నది ఆ హాలులోనే. మూడోది, ఎవరో ఒకరు పేరు పెట్టి పలకరించి, బాధ విన్నారు. ఒంటరితనం కూడా ఒక నొప్పే. అది తగ్గితే తక్కినవీ తగ్గినట్టుంటాయి.

నొప్పి, నిద్ర, దిగులు మన అనుభవానికి తెలిసేవి. షుగరు అలా కాదు. బీపీ అలా కాదు. అవి పెరిగినా చాలాకాలం తెలియదు. హాయిగా ఉంది కాబట్టి షుగరు తగ్గిందనుకోవడం, వాన పడలేదు కాబట్టి చెరువు గట్టు తెగదనుకోవడం లాంటిది. పైన ఊళ్ళో పడ్డ వాన మనకు తెలియకుండానే గట్టు దాకా వస్తుంది. షుగరు తగ్గిందో లేదో చెప్పేది రక్తపరీక్ష. మూడు నెలల సరాసరి చెప్పే పరీక్ష కూడా ఉంది. ఒళ్ళు తేలికగా ఉందన్న మాట షుగరు రిపోర్టు కాదు.

షుగరు పాదం గురించి

మన దేశంలో పదికోట్ల మందికి పైగా షుగరు ఉందని 2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్ సర్వే చెప్పింది. ప్రతి గుడిలోనూ, ప్రతి బల్లలోనూ ఉన్నారు. అందుకే ఈ ముక్క జాగ్రత్తగా చదవండి.

చాలా ఏళ్ళు షుగరు ఎక్కువగా ఉంటే పాదాల నరాలు దెబ్బతింటాయి. మొదట మంటలు, తిమ్మిర్లు. తర్వాత స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా, వేడినీళ్ళు పడ్డా తెలియదు. రక్తం పారడం కూడా తగ్గితే చిన్న పుండు కూడా మానదు. నొప్పి దేవుడు పెట్టిన కావలివాడు. ఆ కావలివాడు నిద్రపోయిన పాదాన్ని మెషిను కింద పెట్టడమంటే, కుక్క లేని ఇంటి తలుపు తీసి పడుకోవడమే. రోలరు ఎంత గట్టిగా రాస్తుందో ఆ తల్లికి తెలియలేదు. నొప్పి లేదు కాబట్టి మంచిదే అనుకుంది.

బిళ్ళలు కిడ్నీలు పాడు చేస్తాయన్న మాట కూడా తేల్చుకుందాం. కిడ్నీలను పాడు చేసే పెద్ద కారణాల్లో అదుపు తప్పిన షుగరే ఒకటి. 104 బండిలో ఎక్కువమందికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ కిడ్నీలను పాడు చేసే మందు కాదు. కిడ్నీలు అప్పటికే బాగా దెబ్బతిన్నవాళ్ళకు డాక్టరు దాన్ని తగ్గిస్తాడు, ఆపుతాడు. అది రక్తపరీక్ష చూసి డాక్టరు చేయాల్సిన పని, మెషిను అమ్మేవాడు చేయాల్సింది కాదు. ఇన్సులిన్ మీదే బతికే పిల్లలుంటారు. వాళ్ళకు ఒకటి రెండు రోజులు ఇంజెక్షను ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరి మాట విని కూడా ఆపకండి. నేను చెప్పినా ఆపకండి.

చట్టం కూడా ఊరుకోలేదు. షుగరు, క్యాన్సరు, పక్షవాతం వంటివి నయం చేస్తామని మందులకూ మహిమలకూ ప్రకటనలు ఇవ్వకూడదని 1954లోనే మన దేశంలో చట్టం చేశారు. ఆ చట్టం తాయెత్తులను, మంత్రాలను కూడా పేరు పెట్టి చెప్పింది.

ఇప్పుడు మన ఇంటి మాట

ఇక్కడ నన్ను నేను తప్పించుకోలేను. తాయెత్తు అమ్మేవాణ్ణి మనం తిడతాం. మరి ప్రార్థన చేసిన నూనె సీసా అని ధర పెట్టి అమ్మేవాణ్ణి? సభల్లో "నీ బిళ్ళలు చెత్తబుట్టలో పారెయ్యి, అదే విశ్వాసం" అని మైకులో అరిచేవాణ్ణి? ఆ హాలులో కుర్రాడు చెప్పిందీ ఇదే, వేదిక మీద బోధకుడు చెప్పిందీ ఇదే. ఒకడు మెషిను అడ్డం పెట్టుకున్నాడు, ఇంకొకడు ప్రభువు పేరు అడ్డం పెట్టుకున్నాడు. రెండోదే పెద్ద పాపం. మన జనానికి ముందుగా బిళ్ళలు మానడం నేర్పింది మనమే. నేల మనం దున్నిపెట్టాం, వాళ్ళొచ్చి విత్తనం వేసుకున్నారు.

కొందరు ఆసా రాజును గుర్తు చేస్తారు. ఆయనకు పాదాల్లోనే జబ్బు వచ్చింది. వైద్యులను వెదికాడని గ్రంథం ఆయన్ని తప్పుపట్టింది కదా అంటారు. జాగ్రత్తగా చదవండి. వైద్యుల దగ్గరికి వెళ్ళడం ఆయన తప్పు కాదు. దేవుని వైపు తిరగకపోవడం తప్పు. హిజ్కియా మరణకరమైన జబ్బుతో ఏడ్చి ప్రార్థించినప్పుడు దేవుడు ఆలకించాడు. తర్వాత యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. ప్రార్థనా ఉంది, పట్టీ ఉంది. పౌలు తన కుమారుని వంటి తిమోతికి కడుపు జబ్బుకు ఏం పుచ్చుకోవాలో ఉత్తరంలో రాశాడు. లూకా వైద్యుడే. లూకా వైద్యం మానేసి అపొస్తలుల వెంట తిరిగాడని ఎక్కడా లేదు.

డబ్బు సంగతి కూడా గ్రంథంలో ఉంది. నయమాను కుష్ఠు పోయాక కానుకలు ఇవ్వబోతే ఎలీషా ముట్టుకోలేదు. వెనకాలే పరుగెత్తి, అబద్ధమాడి తెచ్చుకున్నది గేహజీ. స్వస్థత పేరు చెప్పి ఎవరైనా మీ చేతి సంచి వైపు చూస్తే, అది హాలు అయినా ఆలయమైనా, గేహజీని గుర్తు తెచ్చుకోండి.

రక్తస్రావం గల స్త్రీ చాలామంది వైద్యుల చేతిలో బాధపడి, ఉన్నదంతా ఖర్చు పెట్టుకుందని మార్కు రాశాడు. నిజమే, డాక్టర్లలో కూడా దోచేవాళ్ళున్నారు. అవసరం లేని పరీక్షలు రాసేవాళ్ళున్నారు. ఆస్పత్రిలో మన వాళ్ళను "ఏయ్" అని పిలిచే నర్సులున్నారు. మన తల్లి ఆ హాలుకు వెళ్ళింది అక్కడ "అమ్మా" అన్నారు కాబట్టి. ఈ మాట డాక్టర్లు వినాలి, మనమూ వినాలి. కానీ తిట్టే ఆసుపత్రికి మందు ఇంకో మంచి ఆసుపత్రి. ముద్దుగా పిలిచే అబద్ధం కాదు.

మరి ఏం చేద్దాం?

ఊరికే తిట్టి ఊరుకోను. మా సంఘంలో మొదలుపెట్టినవి చెబుతాను, మీకు కుదిరినవి చేయండి.

స్వస్థత సాక్ష్యం ఎవరు చెప్పినా దేవునికి స్తోత్రం చెబుతాం. అదే రోజు, అదే చోట, బిళ్ళలు వేసుకుంటున్నారా అని అడుగుతాం. పరీక్ష చేయించమంటాం. దేవుడు నిజంగా బాగుచేస్తే రక్తపరీక్ష ఆయనకు భయం కాదు. కుష్ఠు పోయినవాళ్ళను ప్రభువే యాజకుల దగ్గరికి వెళ్ళి చూపించుకోమన్నాడు.

104 బండి వచ్చే రోజు యువకులు ఇద్దరు పెద్దవాళ్ళతో వెళ్తున్నారు. ఎవరి బిళ్ళలు అయిపోయాయో రాసుకుంటున్నారు.

షుగరు ఉన్నవాళ్ళు రోజూ పాదాలు చూసుకోవాలి. అరికాలు కనపడకపోతే కింద అద్దం పెట్టుకోండి, లేదా మనవణ్ణి చూడమనండి. వేళ్ళ సందులు తడి లేకుండా తుడవండి. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి, మా గుడిలోకి కూడా చెప్పులతోనే రండి. ఆ తల్లి సంగతి జరిగాక గుమ్మం దగ్గర నేనే చెబుతున్నాను. నీళ్ళ వేడి పాదంతో చూడకండి, మోచేత్తో చూడండి. ఆనెలు బ్లేడుతో కోయకండి. చిన్న బొబ్బ అయినా ఆ రోజే డాక్టరుకు చూపించండి. పాదాల్లో స్పర్శ ఎంత ఉందో ఏడాదికొకసారి పరీక్ష చేయించుకోండి.

కాళ్ళు నొక్కించుకోవాలనిపిస్తే నొక్కించుకోండి, మెత్తగా, చేత్తో, ఇంట్లోవాళ్ళ చేత. స్పర్శ లేని పాదానికి మెషిను వద్దు. పుండు, వాపు, ఎముక విరుగుడు ఉన్నచోట వద్దు. ఒక కాలే హఠాత్తుగా వాచి, నొప్పిగా, వెచ్చగా ఉంటే అసలు నొక్కకండి. లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. గర్భిణులు ముందు డాక్టరును అడగండి.

చివరిది, మీ కోసం. దూరంగా ఉన్న కొడుకుల్లారా, కూతుళ్ళారా, మీరు డబ్బు పంపుతున్నారు, వందనాలు. కానీ అమ్మ ఆ హాలుకు వెళ్ళింది నొప్పికి మాత్రమే కాదు. అక్కడ ఎవరో ఆమె పాదం ముట్టుకున్నారు. పండక్కి ఇంటికి వచ్చినప్పుడు ఒక రాత్రి ఫోను పక్కన పెట్టి, గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి, మోచేత్తో వేడి చూసి, అమ్మ కాళ్ళు కడగండి. తువ్వాలుతో తుడవండి. తుడుస్తూ వేళ్ళ సందుల్లో పుండ్లున్నాయేమో చూడండి. అప్పుడు అడగండి: అమ్మా, బిళ్ళలు వేసుకుంటున్నావా?

నేను అడగని ప్రశ్న మీరు అడగండి.

ప్రార్థించుకుందాం. ప్రభువా, శిష్యుల పాదాలు కడిగిన నీ చేతులను మాకు నేర్పు. అబద్ధపు స్వస్థతకు హల్లెలూయా అన్న నా నోటిని క్షమించు. మా తల్లి గాయం మాన్పు. మందులు చేసే చేతులను, మందులు ఇచ్చే చేతులను, కాళ్ళు పట్టే చేతులను దీవించు. పేదల నమ్మకాన్ని అమ్ముకునేవారి నుండి, ముందుగా మమ్మల్ని మా నుండి కాపాడు. ఆమేన్.

మీ కాపరి